ఐదొందల స్టిక్కర్ల బిల్లు

2022 దసరాకి పది రోజుల ముందు, గాజువాకలో ఒక సూపర్ మార్కెట్‌కి సరుకు వేయడానికి వెళ్ళిన మా కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మన కందిపొడి ప్యాకెట్ మార్చారా?" అన్నాడు. మార్చలేదన్నాను. వాట్సాప్‌లో ఫొటో పంపాడు. పసుపుపచ్చ పౌచ్, పై మూలన అరిటాకు బొమ్మ, మధ్యలో ఎర్రటి అక్షరాలతో మా అమ్మ పేరు. ఒక్క దీర్ఘం తేడా. మాకు లేని దీర్ఘం వాళ్ళకి ఉంది, అంతే. కింద ఇంగ్లీషులో రాసిన చోట ఆ తేడా కూడా లేదు.

సాయంత్రం ఆ ప్యాకెట్ ఇంటికి తెచ్చాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కత్తిరించి, అరచేతిలో కాస్త వేసుకుని నాలిక మీద పెట్టుకుంది. "కందిపప్పు సరిగ్గా వేగలేదు. ఇదేటి, మన పేరు మీద ఇలాటిది తింటారా జనం?" అంది. డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. ఆవిడ బాధంతా అదే: ఎక్కడో ఎవరో ఈ పచ్చి పొడి అన్నంలో కలుపుకుని, ఈవిడ చెయ్యి పాడైపోయింది అనుకుంటారని.

ఈ వ్యాసం ఆ ప్యాకెట్ గురించి మొదలైనా, చెప్పదలచుకున్నది వేరు. మనవైపు చిన్న వ్యాపారం చేసేవాళ్ళకి ట్రేడ్ మార్క్ (సరుకుని గుర్తుపట్టే పేరు, బొమ్మ) లాయరు అంటే రెండే అభిప్రాయాలు. ఒకటి, ఫారం నింపి సర్టిఫికెట్ తెచ్చిపెట్టే మనిషి, కాబట్టి ఎవడు తక్కువకి చేస్తే వాడి దగ్గరికి వెళ్ళొచ్చు. రెండోది, గొడవ వచ్చినప్పుడు నోటీసు కొట్టే మనిషి, కాబట్టి గొడవ వచ్చేదాకా అవసరం లేదు. నాకూ ఇవే ఉండేవి. రెండూ తప్పని గట్టిగా చెప్పడానికే రాస్తున్నాను. ఆ లాయరు చేసే అసలు పని, మనం ఎప్పుడు ఏం చేశామో దానికి తేదీ ఉన్న రుజువు కూడబెట్టడం. హక్కు ఉండేది ఆ రుజువులోనే. ఆ పని గొడవకి ఏళ్ళ ముందు, లేబుల్ మొదటిసారి అచ్చుకి ఇచ్చే రోజున మొదలవ్వాలి.

మా తప్పు ముందు చెప్పేస్తాను. 2018లో ఇంటర్నెట్‌లో చూసి, బయట ఊరి ఏజెన్సీ ఒకదానికి డబ్బు కట్టి మా పేరుకి ట్రేడ్ మార్క్ అప్లికేషన్ వేయించింది నేనే. వాళ్ళ ఫీజు వెయ్యి లోపు. ప్రభుత్వానికి కట్టేది 4,500 రూపాయలు. విడి వ్యక్తులకి, స్టార్టప్‌లకి, చిన్న పరిశ్రమలకి ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో క్లాసుకి, అంటే సరుకుల వర్గానికి, అంతే, పెద్ద కంపెనీలకైతే 9,000. ఏజెన్సీవాళ్ళు వాట్సాప్‌లో నాలుగు ప్రశ్నలు అడిగారు. పేరు ఏమిటి, ఏం అమ్ముతారు, ఆధార్ కార్డు, ఒక సంతకం. మరునాడు అప్లికేషన్ నంబరు వచ్చేసింది. ఇంకేముంది, పని అయిపోయిందనుకున్నాను. అంతటితో ఆగకుండా, తర్వాత కొట్టించిన పౌచ్‌ల మీద పేరు పక్కన సున్నాలో ఆర్ అక్షరం గుర్తు కూడా వేయించాను. అందంగా ఉందని.

నాలుగేళ్ళ తర్వాత, ఆ నకిలీ ప్యాకెట్ చేతిలో పట్టుకుని ద్వారకానగర్‌లో ఒక లాయరు గారి ఆఫీసుకి వెళ్ళాం, అమ్మా నేనూ. వయసులో నాకంటే చిన్నావిడే. ట్రేడ్ మార్కులు, కాపీరైట్లు తప్ప వేరే కేసులు పెద్దగా చూడరట. మేం గాజువాక ప్యాకెట్ ముందు పెట్టాం. ఆవిడ దాన్ని పక్కకి జరిపి, "మీది చూపించండి" అన్నారు. మా ప్యాకెట్ తీసుకుని, ఆ సున్నాలో ఆర్ మీద వేలు పెట్టారు. "ఇది ముందు తీసేయండి. రిజిస్ట్రేషన్ అయ్యాకే ఈ గుర్తు వేయాలి. కాకుండానే వేస్తే చట్టం ప్రకారం తప్పు. అవతలివాళ్ళ లాయరు మొదట పట్టుకునేది దీన్నే. అప్పటిదాకా టీఎం అని వేసుకోండి, దానికి అభ్యంతరం లేదు."

తర్వాత కంప్యూటర్‌లో మా అప్లికేషన్ నంబరు కొట్టారు. స్క్రీన్ మా వైపు తిప్పారు. స్టేటస్ అబాండన్డ్ అని ఉంది.

జరిగింది ఇదీ. అప్లికేషన్ వేశాక రిజిస్ట్రీలో, అంటే ట్రేడ్ మార్కులు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసులో, ఎగ్జామినర్ చూసి, అభ్యంతరాలుంటే రిపోర్టు పంపుతాడు. దానికి నెల రోజుల్లో జవాబివ్వాలి. ఆ మెయిల్ వెళ్ళింది మాకు కాదు, ఏజెన్సీ పెట్టుకున్న మెయిల్‌కి. వాళ్ళు చూడలేదో, చూసి వదిలేశారో ఇప్పటికీ తెలియదు. జవాబు లేదు కాబట్టి అప్లికేషన్ వదులుకున్నట్టు తేల్చేశారు. అది బతికి ఉంటే, తర్వాత ఎవరు మా పేరు లాంటిది పట్టుకొచ్చినా ఎగ్జామినరే మాది అడ్డం చూపించేవాడు. గాజువాక ప్యాకెట్ వాళ్ళు కూడా అప్పటికే అప్లికేషన్ వేసుకున్నారు. దానికి ఏ అడ్డమూ తగల్లేదు.

అయితే ఆవిడకి అంతకంటే పెద్దగా కనిపించిన తప్పు ఇంకొకటి. అప్లికేషన్‌లో ఈ పేరు ఎప్పటి నుంచి వాడుతున్నారు అనే గడి ఉంటుంది. అందులో ఏజెన్సీవాళ్ళు 'ఇకపై వాడబోతున్నాం' అని పెట్టారు. ఎందుకంటే, 'ఫలానా తేదీ నుంచి వాడుతున్నాం' అంటే అఫిడవిట్ ఇవ్వాలి, దానికి బిల్లులు, లేబుళ్ళు జతచేయాలి, అంటే ఎవరో ఒకరు కూర్చుని మమ్మల్ని అడగాలి. వాడబోతున్నాం అంటే ఏమీ అక్కర్లేదు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. అమ్మ 2011 నుంచి అదే పేరుతో అమ్ముతోంది. ఏడేళ్ళ వాడకాన్ని మా సంతకంతోనే లేదని చెప్పేశాం.

"సర్టిఫికెట్ సంగతి తర్వాత. మొదటి లేబుల్ ఎప్పుడు కొట్టించారు? దానికి బిల్లుందా?" అని ఆవిడ అమ్మని అడిగారు.

అమ్మ కాసేపు ఆలోచించింది. "డ్వాక్రా ఎగ్జిబిషన్‌కి స్టాల్ ఇచ్చినప్పుడు తల్లీ. అప్పటిదాకా స్టీలు డబ్బాల్లో అమ్మేదాన్ని. పేరుండాలన్నారని స్టిక్కర్లు కొట్టించాం. బిల్లంటే... ఉందో లేదో."

కంచరపాలెంలో మా ఇంటి అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. ఆ ఆదివారం లాయరు గారూ, ఆవిడ జూనియరూ మా ఇంటికే వచ్చి, ముందు గదిలో చాప వేసుకుని కూర్చున్నారు. పెట్టెలోవి ఒక్కొక్కటీ తీసి ఏడాదుల వారీగా కుప్పలు పెట్టారు. అమ్మ పద్దు పుస్తకాలు, నోటు పుస్తకంలో పెన్సిల్‌తో రాసినవి, ఎవరికి ఎన్ని కిలోల పొడి, ఎంత బాకీ. ఆర్టీసీలో హైదరాబాద్‌కి పార్సిల్ వేసిన రసీదులు. ఆహార లైసెన్సు కాగితాలు. ఎగ్జిబిషన్ స్టాల్ ముందు అమ్మ నిలబడ్డ ఫొటో, వెనక బల్ల మీద ప్యాకెట్లు. ఆ ఫొటో నేను ఎన్నిసార్లు చూశానో, ప్యాకెట్ల మీద పేరు చదవొచ్చని ఎప్పుడూ గమనించలేదు. జూనియర్ అమ్మాయి భూతద్దం పెట్టి మరీ చూసింది.

సూపర్ మార్కెట్లకి వేసిన సరుకు తాలూకు రసీదులు ఒక పెద్ద కట్ట దొరికింది. సంతోషంగా విప్పితే చాలావరకు తెల్ల కాగితాలు. మిషన్‌లో వేడికి అచ్చయ్యే ఆ కాగితం మీద అక్షరాలు నాలుగైదేళ్ళకి వెలిసిపోతాయి. మూడేళ్ళ అమ్మకాలు అలా కళ్ళముందే మాయమైపోయి కనిపించాయి. కార్బన్ పెట్టి చేత్తో రాసిన పాత బిల్లులు మాత్రం నీలం రంగులో చక్కగా ఉన్నాయి.

మధ్యాహ్నం మూడింటికి దొరికింది. డాబాగార్డెన్స్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ క్యాష్ బిల్లు, మడతల దగ్గర చిరిగి. స్టిక్కర్లు 500. పక్కనే మా అమ్మ పేరు, పొడులు అని రాసి ఉంది. కింద 2011 నాటి తేదీ. ప్రెస్‌వాడు ఆ రోజు బద్ధకించి ఉత్త 'స్టిక్కర్లు' అని రాసి ఉంటే ఆ కాగితానికి విలువ లేదు. పేరు రాశాడు. లాయరు గారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టారు. నాకు ఆ క్షణం అర్థమైంది, ఈ వృత్తి ఏమిటో. చట్టం చదివినవాళ్ళు చాలామంది ఉంటారు. మన ఇంటి చాప మీద కూర్చుని మన పదకొండేళ్ళని కోర్టు నమ్మే భాషలోకి మార్చేవాళ్ళు కొద్దిమందే.

తేదీకి అంత విలువ ఎందుకంటే, మన దేశంలో ట్రేడ్ మార్క్ చట్టం ముందు రిజిస్టర్ చేసుకున్నవాడి కంటే ముందు వాడినవాడికే పెద్దపీట వేస్తుంది. 1999 నాటి చట్టంలో 34వ సెక్షన్ ఇదే చెబుతుంది. రిజిస్ట్రేషన్ లేకపోయినా, మన పేరుని వాడుకుని తన సరుకు మనదేనని జనాన్ని భ్రమ పెట్టేవాడి మీద దావా వేసే హక్కుని 27వ సెక్షన్ కాపాడుతుంది. దాన్నే పాసింగ్ ఆఫ్ అంటారు. తమిళనాడులో తిరునల్వేలి ఇరుట్టుకడై హల్వా గురించి వినే ఉంటారు. ఇరుట్టుకడై అంటే చీకటి కొట్టు. ఆ పాత కొట్టు పేరుకి ముందు ఊరి పేరు తగిలించి ఇంకొకరు అమ్మారు, వాళ్ళకీ రిజిస్ట్రేషన్ ఉంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన ముందు నుంచి వాడుతున్నవాళ్ళ హక్కు పోదని 2015లో తీర్పొచ్చింది. హల్వా రుచి గురించి కాదు ఆ కేసు, ఎవరు ఎప్పటి నుంచి అన్నదాని గురించి.

హల్వా అన్నాక మాడుగుల గుర్తుకు రాకుండా ఉండదు. గోధుమపాలు తీసి, నెయ్యి పోసి చేసే ఆ హల్వా పేరు విశాఖలో ఎన్ని బోర్డుల మీద ఉందో లెక్కలేదు. ఊరి పేరు, సరుకు పేరు కలిపితే వచ్చేది ఏ ఒక్కరి సొంత పేరూ కాదు. ఒకరు రిజిస్టర్ చేసుకుని మిగతావాళ్ళని ఆపడం కష్టం, ఆపకూడదు కూడా. దేవుళ్ళ పేర్లతోనూ ఇదే తంటా. 'రామాయణ్' అనే పేరు అగరబత్తులకి తనకొక్కడికే కావాలని ఒకాయన కోరితే, పవిత్ర గ్రంథం పేరు మీద అలాంటి గుత్తాధిపత్యం కుదరదని సుప్రీంకోర్టు 2015లోనే మరో కేసులో చెప్పింది. సింహాద్రి అప్పన్న పేరో, కనకమహాలక్ష్మి అమ్మవారి పేరో పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్ళు మన ఊళ్ళో వేలమంది. భక్తితో పెట్టుకోండి, తప్పులేదు. కాని రేపు అదే పేరు పక్క వీధిలో కనిపిస్తే ఆపగలమా అన్నది పెట్టుకునే ముందే ఒక లాయరుని అడగండి. బోర్డు కట్టాక, ఫ్లెక్సీలు వేశాక, ఊరంతా తెలిశాక పేరు మార్చుకోవడం కంటే నరకం లేదు.

ఇక మా దీర్ఘం సంగతి. మావాళ్ళు చాలామంది అన్నారు, "ఒక అక్షరం తేడా ఉంది కదా, కోర్టు ఒప్పుకోదు" అని. దీనికి జవాబు 1962లోనే ఉంది. అమృతధార అనే మందు వాళ్ళకీ, లక్ష్మణధార వాళ్ళకీ మధ్య వచ్చిన కేసు అది. కొనేవాడు రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుని అక్షరాలు విడగొట్టి చూడడు, లీలగా గుర్తున్న పేరుతో అడుగుతాడు, ఆ మామూలు మనిషికి రెండూ ఒకటేలా వినబడతాయా అన్నదే చూడాలి అని కోర్టు అంది. కంచరపాలెం సంతలో నిలబడి పేరు పలికితే దీర్ఘం ఎవరికి వినబడుతుంది?

అయితే ఆ కేసులో రెండో సగం ఉంది. దాన్ని మా లాయరు గారు రెండుసార్లు చెప్పారు, నేనూ చెబుతాను. పేర్లు ఒకేలా ఉన్నాయని తేలినా, లక్ష్మణధార వాళ్ళకి ఉత్తరప్రదేశ్ వరకు అమ్ముకోవడానికి రిజిస్ట్రేషన్ దక్కింది. ఎందుకంటే అమృతధార వాళ్ళకి ఆ పేరు సంగతి ఏళ్ళ తరబడి తెలుసు, వాళ్ళు ప్రకటనలు ఇస్తూనే ఉన్నారు, అయినా ఊరుకున్నారు. ఇప్పటి చట్టం ప్రకారం అవతలివాడు రిజిస్టర్ చేసుకుని వాడుతున్నాడని తెలిసీ ఐదేళ్ళు వరసగా ఊరుకుంటే, తర్వాత మామూలుగా వాడిని ఆపలేం. "రుచే చెబుతుంది, కాపీగాళ్ళు ఎన్నాళ్ళుంటారు" అనే మాట మన వ్యాపారుల నోట తరచూ వింటాను. పెద్దమనిషి తరహా మాటలా ఉంటుంది. కాని చట్టం దృష్టిలో అది ఒప్పుకోలు. రుచి చూసి తెలుసుకోవాలంటే ముందు కొనాలి. కొన్నవాడు బాగోలేదని తిట్టుకునేది మనల్ని.

తర్వాత ఆవిడ చేసినవి వరసగా కాకుండా ఒకేసారి నడిచాయి. ట్రేడ్ మార్క్స్ జర్నల్ ప్రతి సోమవారం వస్తుంది. అందులో అచ్చయిన అప్లికేషన్ మీద నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు, గడువు దాటితే లేదు. గాజువాక వాళ్ళది అచ్చయి అప్పటికే రెండున్నర నెలలు. ఇంకో ఆరు వారాలు ఆలస్యంగా ఆ ప్యాకెట్ మా కంటబడి ఉంటే ఈ కథ వేరు. 2,700 రూపాయల ఫీజుతో అభ్యంతరం వేశారు. మన రాష్ట్రానికి రిజిస్ట్రీ చెన్నైలో ఉంది, కాని అన్నీ ఆన్‌లైన్‌లోనే అయ్యాయి. రెండోది, మా పేరుకి కొత్త అప్లికేషన్లు. ఈసారి 2011 నుంచి వాడుతున్నామని అఫిడవిట్‌తో. పొడులు 30వ క్లాసు, పచ్చళ్ళు 29వ క్లాసు అని అప్పుడే తెలిసింది. పాతదాంట్లో 30 ఒక్కటే వేశారు. అమ్మ ఆవకాయకి అసలు రక్షణే అడగలేదన్నమాట. తెలుగు అక్షరాల లేబుల్‌ని విడిగా వేశారు. తెలుగులో వేస్తే దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులోనో హిందీలోనో రాసివ్వాలి, అంతే ఇబ్బంది. జనం కళ్ళతో గుర్తుపట్టేది తెలుగు పేరుని అయినప్పుడు కాపాడుకోవలసింది కూడా దాన్నే కదా. ఇంత సులువైన విషయం ఎవరూ ఎందుకు చెప్పరో నాకు తెలియదు.

మూడోది లీగల్ నోటీసు. ఇక్కడ మాకూ ఆవిడకీ మాట పట్టింపు వచ్చింది. నాకు కోపం. వెంటనే కేసు వేయాలి, పోలీసుల్ని పంపాలి అన్నాను. దారులు లేకపోలేదని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. జిల్లా స్థాయి కోర్టులో దావా వేయొచ్చు. విలువ 3 లక్షలు దాటితే కమర్షియల్ కోర్టు, అది మన విశాఖలోనే ఉంది. అత్యవసరం ఉంటే అవతలివాళ్ళకి చెప్పకుండానే తాత్కాలిక ఇంజంక్షన్, అంటే ఆపమనే ఉత్తర్వు, అడగొచ్చు, సరుకు పట్టుకోవడానికి కోర్టు తరఫున వెళ్ళే అడ్వొకేట్ కమిషనర్ని వేయమనొచ్చు. అంత తొందర లేకపోతే దావాకి ముందు మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గర రాజీ మాటలకి, వెళ్ళి తీరాలి. నకిలీ మార్కు మీద క్రిమినల్ కేసుకీ సెక్షన్లున్నాయి, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. సోదా చేయాలంటే డీఎస్పీ కంటే తక్కువ స్థాయి అధికారి పనికిరాడు, ముందు ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. సరుకు విదేశాల నుంచి ఓడలో వచ్చేదైతే కస్టమ్స్‌లో మన మార్కు నమోదు చేసుకుని పోర్టులోనే ఆపించొచ్చు.

"ఇవన్నీ చేయొచ్చు. మీకు కావలసింది వాళ్ళు జైలుకి వెళ్ళడమా, ఆ పేరు ఆగడమా?" అని అడిగారు.

నోటీసు రెండు పేజీలే రాశారు. బెదిరింపు లేదు. 2011 బిల్లు కాపీ, ఫొటో, ఏడాదివారీ అమ్మకాల పట్టిక జతచేశారు. పన్నెండో రోజున అవతలివాళ్ళే ఫోన్ చేశారు. నలుగురు ఆడవాళ్ళు కలిసి పెట్టుకున్న యూనిట్. ప్యాకెట్ గీసిచ్చిన డిజైనర్ ఇంటర్నెట్‌లో మా ఫొటో చూసి కొట్టేశాడు, పేరు కూడా వాడే సలహా ఇచ్చాడట. నేను పూర్తిగా నమ్మలేదు. అమ్మ నమ్మింది.

వాళ్ళ దగ్గర అచ్చయిన పౌచ్‌లు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని కాల్చేయమంటే ఆ నలుగురి పెట్టుబడి బూడిదే. లాయరు గారు రాసిన ఒప్పందంలో ఈ ముక్క నాకు ఇప్పటికీ గుర్తుంది: మూడు నెలలు గడువు, అంతవరకు ప్రతి పౌచ్ మీద పేరు కనబడకుండా వాళ్ళ కొత్త పేరు స్టిక్కర్ అంటించాలి, అప్లికేషన్ వెనక్కి తీసుకోవాలి, తప్పితే ఇంత కట్టాలి. సంతకాల రోజు ఆ నలుగురిలో పెద్దావిడ అమ్మ చెయ్యి పట్టుకుని, "అక్కా, మీ పేరని తెలిస్తే పెట్టేవాళ్ళం కాదు" అంది. అమ్మ ఆవిడకి కందిపప్పు ఎంత సన్నటి సెగ మీద ఎంతసేపు వేయించాలో చెప్పింది. అక్కడ నేనూ ఉన్నాను, కల్పించడం లేదు.

ఆ డిజైనర్ మాట వచ్చింది కాబట్టి మా ఇంట్లో దొరికిన ఇంకో లొసుగు గురించి చెప్పాలి. మా అరిటాకు బొమ్మ గీసింది తెలిసిన కుర్రాడు, 2,000 రూపాయలు ఇచ్చాం. డబ్బిచ్చాం కాబట్టి బొమ్మ మాదే అనుకున్నాం. కాపీరైట్ చట్టం అలా అనదు. జీతానికి పనిచేసే ఉద్యోగి గీస్తే యజమానిది. విడిగా డబ్బు తీసుకుని గీసిచ్చిన బొమ్మ మీద హక్కు, మామూలుగా, గీసినవాడిదే. రాతపూర్వకంగా సంతకం పెట్టి బదలాయిస్తేనే మనది. ఆ రాతలో కాలం రాయకపోతే ఐదేళ్ళకే అని చట్టం లెక్కవేస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. లాయరు గారు ఒక్క పేజీ రాయించి ఆ కుర్రాడితో సంతకం పెట్టించారు. తను సంతోషంగా పెట్టాడు. ఇదే పని మేం అమెరికాకి ఎగుమతి మొదలెట్టాక, ఎవరో అతన్ని రెచ్చగొట్టాక చేయాల్సి వస్తే ఎంత అడిగేవాడో.

మంచి లాయరుని గుర్తుపట్టేది ఆవిడ వద్దన్న పనుల్లో అని నేను నమ్ముతాను. ఈ గెలుపు తర్వాత నాకు ధైర్యం ఎక్కువైంది. గోపాలపట్నంలో ఒక చిన్న కొట్టువాళ్ళు 'అమ్మ చేతి పొడి' అని రాసుకున్నారు, మా ప్యాకెట్ మీదా కింద ఆ మాట ఉంటుంది, నోటీసు పంపుదామన్నాను. ఆవిడ పంపనన్నారు. "అమ్మ చేతి అనేది తెలుగువాళ్ళందరిదీ. ఆధారం లేకుండా బెదిరిస్తే వాళ్ళే మీ మీద కోర్టుకి వెళ్ళొచ్చు, దానికీ ఒక సెక్షన్ ఉంది" అన్నారు. 142వ సెక్షన్ అది. పెద్ద కంపెనీలు మామూలు మాటల మీద చిన్నవాళ్ళకి నోటీసులు కొట్టి భయపెట్టడం నాకు ఒళ్ళుమండే విషయం. నేనూ చిన్న ఎత్తున అదే చేయబోయాను. ఫీజు వస్తుంది కదా అని పంపే లాయరు దొరికి ఉంటే పంపేసేవాణ్ణే.

పేటెంట్ల విషయంలో ఆలస్యం ఇంకా ఖరీదు. మా మేనల్లుడు ఇంజనీరింగ్‌లో చేపలు ఎండబెట్టే చిన్న యంత్రం తయారు చేశాడు. కాలేజీ ఫెస్ట్‌లో చూపించాడు, యూట్యూబ్‌లో పెట్టాడు, లైకులు వచ్చాయి, ఆరు నెలలకి పేటెంట్ గుర్తొచ్చింది. లోకానికి చూపించేశాక అది కొత్తది కాదు. మినహాయింపులు చాలా ఇరుకు, వాడికి వర్తించలేదు. ముందే ఒక పేటెంట్ ఏజెంట్ దగ్గరికి వెళ్ళి ఉంటే, వ్యక్తులకి 1,600 రూపాయల ఫీజుతో ప్రొవిజనల్ (తాత్కాలిక) అప్లికేషన్ వేసి, పూర్తి వివరాలకి 12 నెలలు టైం తీసుకుని, ఆ తర్వాత హాయిగా వీడియో పెట్టుకునేవాడు. పరీక్షించి కొత్తదే అని తేల్చి ఇచ్చి ఉంటే 20 ఏళ్ళ హక్కు. ఆంధ్ర యూనివర్సిటీ చుట్టుపక్కల, పరవాడ ఫార్మా సిటీ, మెడ్‌టెక్ జోన్ వైపు ఎంతమంది పిల్లలు బుర్రలు పెట్టి పనిచేస్తున్నారు! గుర్తింపు పొందిన స్టార్టప్‌లకి లాయరు ఫీజు ప్రభుత్వమే భరించే పథకం ఉంది, స్టార్టప్ కట్టేది అప్లికేషన్ ఫీజు మాత్రమే. వాళ్ళకి ఈ ముక్క మొదటి సంవత్సరంలోనే చెప్పేవాళ్ళు కావాలి.

ఏటికొప్పాక గురించి మాత్రం నాకు ఇంకా దిగులే. అంకుడు కర్రని చెట్టు బెరళ్ళ, గింజల రంగులు కలిపిన లక్కతో మెరిపించే ఆ బొమ్మలకి 2017లో జీఐ, అంటే ఊరి పేరుతో వచ్చే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అరకు కాఫీకి 2019లో. పేపర్లలో వార్తలు వచ్చాయి, మనందరం గర్వపడ్డాం. కాని జీఐ ఒక కుటుంబానిదీ, ఒక కొట్టుదీ కాదు, ఊరంతటిదీ. అందరిదీ అయినదాన్ని ఎవరు కాపలా కాయాలి? అక్కడి కళాకారులు ఎవరికివారు అధీకృత వినియోగదారులుగా నమోదు చేసుకుంటే, ఆ పేరు పెట్టి వేరే బొమ్మలు అమ్మేవాళ్ళ మీద స్వయంగా దావా వేసే హక్కు వాళ్ళకి వస్తుంది. లేత్ మీద పొద్దస్తమానం పనిచేసే మనిషికి ఆ సంగతి ఎవరు వెళ్ళి చెబుతారు? సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి నుంచి ఏటికొప్పాకకి బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మా లాయరు గారు మా చాప మీద కూర్చున్నట్టే, ఆ పిల్లలు వాళ్ళ అరుగుల మీద కూర్చుని కాగితాలు సర్దితే ఎంత బాగుండును.

ఖర్చు మాటెత్తితే, మాకు మొత్తం మీద ఒక నెల అమ్మకం కంటే తక్కువే అయింది. 2018లో మిగుల్చుకున్నాననుకున్నదానికి ఎన్నో రెట్లు. అంత పెట్టలేని ఆడవాళ్ళు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళొచ్చు. కేసు వేయాలన్నా, ఎదుర్కోవాలన్నా ఆదాయంతో పనిలేకుండా మహిళలకి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. డ్వాక్రా సంఘాల్లో ఎంతమందికి ఈ సంగతి చెప్పినా మొదటిసారి వింటున్నామనే అంటున్నారు.

2024లో రిజిస్ట్రేషన్ వచ్చింది, పదేళ్ళ గడువుతో. సర్టిఫికెట్‌తో లాభాలు లేవని నేను అనడం లేదు. రేపు హైదరాబాద్‌లో ఎవరైనా మా పేరు వాడితే విశాఖలోనే దావా వేయొచ్చు, ఆ పేరు మాదని ప్రతిసారీ మొదటి నుంచి నిరూపించుకోనక్కర్లేదు. ఫ్రేము కట్టించి కొట్లో పెట్టాను.

అమ్మ మాత్రం ఆ ఫ్రేము వైపు పెద్దగా చూడదు. ఆవిడ గదిలో బీరువా కింది అరలో ఒక ఫైలు ఉంది, లాయరు గారి జూనియర్ నేర్పినట్టు ఏడాదికొక విభజన కాగితం పెట్టి. వేడి కాగితం రసీదు ఏది వచ్చినా అదే రోజు జిరాక్స్ తీయిస్తుంది. పోయిన నెల మునగాకు పొడికి కొత్త లేబుల్ కొట్టించాం. ప్రెస్ కుర్రాడు బిల్లు మీద 'లేబుల్స్ 2,000' అని రాసిచ్చాడు. అమ్మ తిప్పి ఇచ్చేసింది.

"పేరు రాయి బాబూ. ఏ పొడో, ఎవరి పేరో రాయి. తేదీ వెయ్యి."